కాలు చూస్తూ కూర్చున్నాం, కడుపులో దెబ్బ తెలియలేదు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది గాజువాక. మా అబ్బాయికి 19 ఏళ్లు, ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. మూడు వారాల కిందట ఆదివారం మా అన్నయ్య కొడుకుతో కలిసి అరకు వెళ్లాడు. అక్కడ ఒక రిసార్టులో ఇద్దరూ ఒకే ఏటీవీ (మట్టిదారుల్లో నడిపే నాలుగు చక్రాల మోటారు బండి) ఎక్కారు. మా మేనల్లుడు నడిపాడు, మావాడు వెనక కూర్చున్నాడు. పల్లంలో మలుపు తిప్పేసరికి బండి పక్కకు తిరగబడి మావాడి మీద పడింది. ఎడమ కాలు మోకాలి కింద విరిగింది. దగ్గర్లోని ఆసుపత్రిలో బద్ద కట్టి విశాఖ తీసుకెళ్లమన్నారు. కారులో తెచ్చి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్పించాం. కాలికి ఎక్స్‌రే తీసి పొద్దున్న ఆపరేషన్ అన్నారు. తెల్లవారుజామున వాడికి చెమటలు పట్టి, ముఖం పాలిపోయింది. ఎడమ భుజం లాగేస్తోందన్నాడు. అప్పుడు స్కాన్ తీస్తే ప్లీహం చిట్లి కడుపులో రక్తం చేరిందని తేలింది. రెండు బాటిళ్ల రక్తం ఎక్కించి నాలుగు రోజులు ఐసీయూలో ఉంచారు. కడుపు కోయకుండానే తగ్గింది. అయిదో రోజు కాలికి రాడ్ వేశారు. ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాడు.

కడుపులో దెబ్బ మొదటి రాత్రే ఎందుకు తెలియలేదు? మా వల్ల ఏమైనా పొరపాటు జరిగిందా? మా ఆడపడుచు పుత్తూరు కట్టు కట్టిస్తే త్వరగా అతుక్కుంటుందంటోంది. మా అత్తగారు పప్పు, గుడ్డు పెడితే చీము పడుతుందని పెట్టనివ్వడం లేదు. ఇన్సూరెన్సు వాళ్లు ఇది సాహస క్రీడ కాబట్టి డబ్బు ఇవ్వమని లెటర్ పంపారు. మా ఆయన మేనల్లుడి మీద కోపంతో మా అన్నయ్య వాళ్లతో మాటలు మానేశారు. వాడికేమో మణికట్టు కాస్త వాచింది, అంతే. మా పాపకు 11 ఏళ్లు. వాళ్ల స్కూలు వాళ్లు భీమిలి వైపు ఒక రిసార్టుకి పిక్నిక్ తీసుకెళ్తారట, అక్కడా ఆ బండ్లున్నాయట. పంపాలంటే భయం, మానిపించాలంటే పాప ఏడుస్తోంది. టెన్షన్‌తో నాకు నిద్ర పట్టడం లేదు.

— ఒక తల్లి, గాజువాక

సమాధానం:

అమ్మా,

మీ అబ్బాయి గండం గట్టెక్కాడు. ప్లీహం తీసేయాల్సిన అవసరం లేకుండా నిలబడటం చాలా మంచి విషయం, అది మనసులో పెట్టుకుని ఇది చదవండి. ఎన్నో ఏళ్లుగా క్యాజువాలిటీలో పనిచేస్తున్న సర్జన్‌గా చెబుతున్నాను, మీ ఇంట్లో జరిగినట్టే ఈ బండ్ల ప్రమాదాల్లో చాలాసార్లు జరుగుతుంది. అందుకే మీ మొదటి ప్రశ్నకే ఎక్కువ చోటిస్తున్నాను.

విరిగిన కాలు నానా గోల చేస్తుంది. మనిషి అరుస్తాడు, కాలు వంకరగా కనిపిస్తుంది, చుట్టూ ఉన్నవాళ్ల కళ్లన్నీ దాని మీదే ఉంటాయి. డాక్టర్ల కళ్లు కూడా. ప్లీహం మాత్రం ఎడమవైపు కింది పక్కటెముకల చాటున ఉండే పిడికిలంత మెత్తటి అవయవం. దాని నిండా రక్తమే. అది కొద్దిగా చిట్లితే మొదటి గంటల్లో పెద్ద నొప్పి ఉండకపోవచ్చు. ఉన్నా, కాలి నొప్పి ముందు అది లెక్కలోకి రాదు. దానికితోడు కాలికోసం నొప్పి ఇంజెక్షన్ ఇస్తే కడుపు నొప్పి కూడా కొంత అణిగిపోతుంది. కారులో తెచ్చేటప్పుడు మీరు "కడుపులో ఏమైనా ఉందా" అని అడిగినా వాడు లేదనే చెప్పి ఉండేవాడు.

ఇక బీపీ సంగతి. కుర్రవాళ్ల శరీరం రక్తం పోతున్నా చాలాసేపు బీపీని పడనివ్వదు. రక్తనాళాలు బిగుసుకుంటాయి, గుండె వేగం పెంచుకుంటుంది. ఒంట్లోని రక్తంలో దాదాపు 30 శాతం పోయేదాకా పై బీపీ మామూలుగానే కనిపించవచ్చు. 60 కిలోల మనిషిలో ఇది లీటరుకు పైమాటే. కాబట్టి "బీపీ బాగుంది" అన్న మాట ఒక్కటే విని నిశ్చింతగా ఉండటానికి లేదు. నాడి వేగం ముందే పెరుగుతుంది. గంట గంటకూ నాడి 90, 104, 118 అని ఎక్కుతూ పోతుంటే, కాలి నొప్పి వల్లనే అని సరిపెట్టుకోకుండా కడుపు వైపు చూడాలి.

మీవాడు చెప్పిన భుజం నొప్పి సరిగ్గా ఆ సూచనే. కడుపులో చేరిన రక్తం ఊపిరితిత్తుల కిందనుండే విభాజక పటలాన్ని తాకుతుంది. ఆ పటలానికి వెళ్లే నరం మెడలోంచి వస్తుంది, భుజం చర్మానికి వెళ్లే నరాలు కూడా అక్కడినుంచే. అందుకని కడుపులో దెబ్బ భుజంలో నొప్పిగా తెలుస్తుంది. భుజానికి ఏ దెబ్బా తగలకుండా, పడుకున్నప్పుడు ఎడమ భుజం లాగుతోందంటే అది ప్లీహం అనే అనుమానించాలి. వాడు ఆ మాట పైకి చెప్పాడు, మీరు వెంటనే నర్సును పిలిచి ఉంటారు. ఆ రెండూ కలిసే వాడిని కాపాడాయి.

ఆసుపత్రి వాళ్ల తప్పుందా అంటే, ఫైలు చూడకుండా నేను తీర్పు చెప్పను. కానీ ఏం జరిగి ఉండాల్సిందో చెప్పగలను. బండి మీద పడిన ఏ మనిషికైనా, నొప్పి ఎక్కడున్నా సరే, ముందు ఊపిరి, రక్తప్రసరణ, తల, వెన్ను, ఛాతీ, కడుపు, కటి ఎముక చూసి ఆ తరువాతే కాలి దగ్గరకు రావాలి. మంచం దగ్గరే చేసే ఫాస్ట్ అనే అల్ట్రాసౌండ్ పరీక్ష కొద్ది నిమిషాల పని. కడుపులో రక్తం చేరిందా లేదా అన్నది అందులో కనిపిస్తుంది. మొదట్లో రక్తం కొంచెమే ఉంటే అది పట్టుకోలేకపోవచ్చు, అందుకే కొన్ని గంటలాగి మళ్లీ చేస్తారు. అనుమానం ఉంటే రంగు మందు ఇచ్చి సీటీ తీస్తారు. ఒకవేళ మొదటి రాత్రి మీవాడికి ఫాస్ట్ చేసి బాగుందని ఉంటే, అందులో నిర్లక్ష్యం లేదు. అసలు కడుపు ముట్టుకుని చూడకపోతే అది అడగాల్సిన విషయమే. డిశ్చార్జి సమ్మరీలో మొదటి పరీక్ష వివరాలు ఉంటాయి, చదవండి.

మీ పొరపాటు అంటారా? ఒకే ఒక్క విషయం, అదీ ఇది చదివే మిగతా తల్లిదండ్రుల కోసం చెబుతున్నాను. అరకు నుంచి విశాఖకు 110 కిలోమీటర్ల పైచిలుకు. అనంతగిరి ఘాట్ దిగి, శృంగవరపుకోట మీదుగా మూడు గంటల ప్రయాణం. అంత దూరం సొంత కారులో వెనక సీట్లో కాలు చాపించి తెచ్చేకంటే 108 పిలవడం మేలు. దారిలో నాడి, బీపీ, ఆక్సిజన్ చూసేవాళ్లుంటారు, సెలైన్ ఎక్కిస్తారు. దారిలో మనిషి చల్లబడుతున్నా, మగతగా మాట్లాడుతున్నా విశాఖదాకా లాక్కురావాలని చూడకండి. దారిలో ఉన్న ప్రభుత్వాసుపత్రిలో దించి నిలకడ చేయించాకే ముందుకు కదలాలి. ఇంకో మాట, బాధితుడికి ధైర్యం కోసమని కాఫీ, మంచినీళ్లు పట్టించకూడదు. ఆపరేషన్ అవసరమైతే నిండు కడుపుతో మత్తు ఇవ్వడం ప్రమాదం. బైకు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకురావడం మరీ ప్రమాదం. మెడకో వెన్నుకో దెబ్బ తగిలి ఉంటే ఆ కుదుపులకు శాశ్వతంగా కాళ్లు పడిపోవచ్చు.

ఇప్పుడు మీవాడి ప్లీహం గురించి. చిట్లిన ప్లీహం తనంతట తానే మానుతుంది, దానికి సమయం ఇవ్వాలి. ఆలస్యంగా మళ్లీ రక్తం కారడం అరుదు. కారితే ఎక్కువగా మొదటి రెండు వారాల్లో, అప్పుడప్పుడు ఆ తరువాత కూడా. మూడు వారాలు దాటాయి కాబట్టి పెద్ద గండం గడిచింది. అయినా దెబ్బ తీవ్రతను బట్టి రెండు మూడు నెలలపాటు బరువులెత్తడం, క్రికెట్, కబడ్డీ, గతుకుల రోడ్డు మీద బైకు వెనక కూర్చోవడం వద్దు. సీటీ రిపోర్టులో దెబ్బ ఎన్నో గ్రేడో రాసి ఉంటుంది. అది చూపించి ఎన్ని వారాలన్నది మీ సర్జన్‌నే అడగండి. డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ లాంటివి మందుల షాపులో అడిగి కొని వేయకండి, డాక్టరు రాసినవే వేయాలి. తల తిరిగి పడబోవడం, ముఖం పాలిపోవడం, చల్లని చెమట, కడుపు ఉబ్బరం, ఎడమ భుజం నొప్పి మళ్లీ రావడం, వీటిలో ఏది కనిపించినా రాత్రయినా సరే ఆసుపత్రికే వెళ్లాలి. పొద్దున్నదాకా చూద్దాం అనుకోవద్దు.

జ్వరం గురించి విడిగా చెప్పాలి. మీవాడు వెళ్లింది ఏజెన్సీకి. అక్కడ మలేరియా ఉంది. ఈ వారాల్లో చలి జ్వరం వస్తే వైరల్ అనుకుని పారాసిటమాల్ వేసి ఊరుకోకండి, ఆ రోజే మలేరియా రక్తపరీక్ష చేయించి అరకు వెళ్లొచ్చిన సంగతి డాక్టరుకు చెప్పండి. మలేరియాలో ప్లీహం వాస్తుంది. ఇంకా మానుతున్న ప్లీహం వాయడం మంచిది కాదు. ఏజెన్సీలో ఉండేవాళ్లకి, తరచూ వెళ్లేవాళ్లకి అప్పటికే మలేరియాతో ప్లీహం పెరిగి ఉంటే చిన్న దెబ్బకే చిట్లుతుంది. ప్రమాదం జరిగిన రోజే ఈ విషయం డాక్టరుకు చెప్పడం అవసరం. ప్లీహం తీసేయాల్సి వచ్చినవాళ్లకి మాత్రం వేరే జాగ్రత్తలున్నాయి. న్యుమోకాకల్, మెనింగోకాకల్, హిబ్ టీకాలు వేయించుకోవాలి, జీవితాంతం ఏ జ్వరాన్నీ తేలిగ్గా తీసుకోకూడదు. మీవాడికి ఆ బెడద తప్పింది.

కాలి సంగతికి వస్తాను. మీ ఆడపడుచు గారు ప్రేమకొద్దీ చెబుతున్నారు, ఆవిడను చిన్నబుచ్చకండి. కానీ పుత్తూరు కట్టు వద్దు. ఎముక లోపల రాడ్ వేసి, రెండు చివరలా మరలు బిగించి ఉంది. ఎముకను నిలబెట్టే పని అది చేస్తోంది. పైన కోడిగుడ్డు సొన, ఆకుపసరు, వెదురు బద్దలతో బిగించే కట్టు అదనంగా చేసేదేమీ లేదు. కోత మానని చోట పసరు తగిలితే ఇన్ఫెక్షన్ రాడ్ దాకా పోతుంది. అప్పుడు రాడ్ తీసి, ఎముక కడిగి, నెలల తరబడి మందులు వాడాల్సి వస్తుంది.

బండి కింద నలిగిన కాలికి బిగుతు కట్టు అసలు పనికిరాదు. ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నాటు కట్టు తరువాత కాలు పోగొట్టుకున్నవాళ్లను చూశాను. మోకాలి కింద కండరాలు నాలుగు గదుల్లో ఉంటాయి, ఒక్కో గది చుట్టూ సాగని గట్టి పొర ఉంటుంది. నలిగిన కండరం వాస్తుంది. పొర సాగదు కాబట్టి లోపల ఒత్తిడి పెరిగి కండరానికి రక్తం అందదు. ఇలా దాదాపు ఆరు గంటలు గడిస్తే కండరం చచ్చిపోవడం మొదలవుతుంది. పైనుంచి బిగించిన కట్టు ఉంటే ఇది ఇంకా ముందే జరుగుతుంది. దీన్ని గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. విరిగిన కాలిని కదలకుండా పెట్టి నొప్పి మందు ఇచ్చాక నొప్పి తగ్గాలి. తగ్గకపోగా పెరుగుతుంటే, పిక్క రాయిలా గట్టిపడితే, కాలి బొటనవేలిని మెల్లగా పైకి వంచగానే పిక్కలో ప్రాణం పోయేంత నొప్పి వస్తే, వేళ్ల మధ్య తిమ్మిరెక్కితే, వెంటనే కట్టు విప్పించాలి. పాదం దగ్గర నాడి తగులుతోంది కదా అని ధైర్యపడకూడదు, చివరిదాకా నాడి తగులుతూనే ఉండవచ్చు. అలాంటప్పుడు ఆ పొరలను కోసి ఒత్తిడి తీసేయాలి. కోత పెద్దదే, కానీ కాలు దక్కుతుంది.

మీవాడికి ఈ దశ దాటిపోయింది. ఇప్పుడు మీరు చూసుకోవాల్సింది వేరు. పిక్క కొత్తగా వాచి నొక్కితే నొప్పి పుట్టినా, ఆయాసం వచ్చినా సిరలో రక్తం గడ్డకట్టిందేమో చూడాలి. అందుకే నూనె రాసి పిక్క మర్దన చేయించవద్దు. ఇంట్లో పెద్దవాళ్లు ఎంత చెప్పినా సరే, ముఖ్యంగా కడుపు మీద అసలు వద్దు. మోకాలు, చీలమండ వంచి చాచే వ్యాయామాలు మాత్రం ఫిజియో నేర్పినట్టు రోజూ చేయించండి. నొప్పి అని మానేస్తే కీళ్లు బిగుసుకుంటాయి. కాలి మీద ఎంత బరువు ఎప్పుడు వేయాలన్నది ఎక్స్‌రే చూసి డాక్టరు చెబుతారు. ఇలాంటి ఎముక పూర్తిగా అతుక్కోవడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. పక్కింటి వాళ్ల అబ్బాయి రెండు నెలల్లో నడిచాడని మీవాడిని తొందరపెట్టకండి. వాడికి సిగరెట్ అలవాటు ఉంటే, మీకు తెలియకపోయినా సరే, ఒంటరిగా ఉన్నప్పుడు అడిగి మాన్పించమని వాళ్ల నాన్నగారికి చెప్పండి. సిగరెట్ ఎముక అతకడాన్ని బాగా ఆలస్యం చేస్తుంది.

ఇంట్లో జారిపడే చోటు బాత్రూమే. వాకర్ కాళ్లకు రబ్బరు బిరడాలు అరిగాయేమో చూడండి. స్నానానికి వెడల్పాటి కాళ్లున్న ప్లాస్టిక్ కుర్చీ వేసి, వాడు లోపలికి వెళ్లేముందు నేల తడి లేకుండా తుడవండి. కింద కూర్చునే మరుగుదొడ్డి అయితే మధ్యలో కన్నం ఉన్న కమోడ్ కుర్చీ సర్జికల్ షాపుల్లో దొరుకుతుంది, అద్దెకు కూడా ఇస్తారు.

పథ్యం గురించి మీ అత్తగారితో మీరు గొడవపడవద్దు, ఈ పేరా ఆవిడకు చదివి వినిపించండి. అమ్మా, పప్పు తింటే చీము పట్టదు. చీము సూక్ష్మక్రిముల వల్ల పడుతుంది, ఆ క్రిములు పప్పులోంచి రావు. రక్తం పోయిన మనిషికి, ఎముక విరిగిన మనిషికి మాంసకృత్తులు రోజూ కావాలి. ముద్దపప్పు, గుడ్డు, చేప, పెరుగు పెట్టండి. పొద్దున్నే చోడి (రాగి) అంబలి తాగించండి, అందులో కాల్షియం దండిగా ఉంటుంది. రక్తం పట్టడానికి ఆకుకూరలు, వాటితో పాటు పులుపుకి నిమ్మకాయ పిండండి, ఇనుము బాగా ఒంటికి పడుతుంది. మీ మనవడు త్వరగా లేచి తిరగాలంటే వాడికి కారం లేని చప్పిడి చారన్నం సరిపోదు.

వాడి మనసు సంగతి మీరు రాయలేదు. రాత్రుళ్లు ఉలిక్కిపడి లేస్తున్నాడా, బండి మీద పడిన క్షణం గురించే పదే పదే చెబుతున్నాడా, లేక అసలు ఆ ఊసే ఎత్తనివ్వడం లేదా, గమనించండి. మొదటి వారాల్లో ఇది మామూలే. నెల దాటినా తగ్గకపోతే మానసిక వైద్యుడికి చూపించాలి. టెలీమానస్ ఉచిత నంబరు 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. నిద్ర పట్టడం లేదన్నారు కదా, మీకూ అది పనికొస్తుంది.

ఇన్సూరెన్సు లెటర్‌ని అలా వదిలేయకండి. పాలసీ కాగితాల్లో మినహాయింపుల జాబితా ఉంటుంది. అందులో సాహస క్రీడల మినహాయింపు ఎక్స్‌క్లూజన్ 09 అనే కోడ్‌తో ఉంటుంది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిర్దేశించిన ఆ నిబంధనలో, ప్రమాదకరమైన క్రీడల్లో ప్రొఫెషనల్‌గా పాల్గొన్నప్పుడు అయ్యే వైద్య ఖర్చు అని స్పష్టంగా ఉంది. మీవాడు డబ్బులిచ్చి సరదాగా ఎక్కిన కుర్రాడు, అందులోనూ వెనక కూర్చున్నవాడు. ఆ వాక్యం మీ పాలసీలో ఉందేమో వెతికి, దాని కింద గీత గీసి, కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా పంపండి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చినది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారికి) ఫిర్యాదు చేయవచ్చు, దానికి ఫీజు లేదు. ఆసుపత్రి నుంచి ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) వివరాలు, డిశ్చార్జి సమ్మరీ, సీటీ ఫిలిం, రక్తం బిల్లులు అన్నీ తెచ్చి ఒకే ఫైలులో పెట్టండి.

రిసార్టులో ఎక్కేముందు ఏదో కాగితం మీద సంతకం పెట్టించుకుని ఉంటారు. సంతకం చేశాం కాబట్టి అడగడానికి లేదనుకోకండి. హెల్మెట్ ఇవ్వకుండా, ఒక్కరికోసం చేసిన బండి మీద ఇద్దరిని ఎక్కించి పంపితే అది సేవలో లోపమే. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలనుకుంటే రెండేళ్ల గడువు ఉంటుంది. ముందు ఒక న్యాయవాదికి కాగితాలు చూపించండి.

మేనల్లుడి మీద మీవారి కోపం నాకు అర్థమైంది. అయితే ఆ బండి గురించి కాస్త తెలుసుకోమని ఆయనకు చెప్పండి. ఏటీవీల్లో పెద్దవి రెండు మూడు వందల కిలోలు తూగుతాయి. బండి పొట్టిది, చక్రాల మధ్య ఎడం తక్కువ, నేలకు ఎత్తుగా ఉంటుంది. నాలుగు చక్రాలున్నాయి కదా కారులా స్థిరంగా ఉంటుందనుకుంటాం. కానీ మలుపు తిరిగినప్పుడు, వాలు దిగినప్పుడు అది ఒరగకుండా ఉండాలంటే నడిపేవాడు సీటు మీద ముందుకీ వెనక్కీ పక్కకీ జరుగుతూ తన బరువుతో ఆపాలి. సీటు పొడుగ్గా ఉండేది అందుకే. మనవాళ్లు దాన్ని ఇద్దరి సీటు అనుకుంటారు. వెనక ఇంకొకరు కూర్చుంటే నడిపేవాడికి జరగడానికి చోటుండదు, పైన బరువు పెరుగుతుంది, పల్లంలో మలుపు రాగానే తిరగబడుతుంది. మీ మేనల్లుడు జాగ్రత్తగా నడిపినా అదే జరిగి ఉండవచ్చు. ఇద్దరినీ ఒకే బండి మీద ఎక్కనిచ్చినవాళ్లది అసలు బాధ్యత. ఆ కుర్రవాడు ఈపాటికి లోలోపల కుమిలిపోతూ ఉంటాడు. మీవారు ఒకసారి వాడికి ఫోన్ చేస్తే మీ అబ్బాయికి కూడా ఊరట.

పాప విషయంలో నా జవాబు స్పష్టం. పిక్నిక్‌కు పంపండి, ఆ బండి మాత్రం ఎక్కనివ్వవద్దు. 16 ఏళ్ల లోపు పిల్లలు ఏటీవీ నడపకూడదని, దాని మీద వెనక కూడా కూర్చోకూడదని అమెరికా పిల్లల వైద్యుల సంఘం ఏళ్ల తరబడి చెబుతూనే ఉంది. పిల్లలకు బండిని అదుపు చేసే బరువూ ఉండదు, అనుభవమూ ఉండదు. యాక్సిలరేటర్ బొటనవేలి కింద ఉండే చిన్న మీట. గతుకు తగిలినప్పుడు భయంతో హ్యాండిల్ గట్టిగా పట్టుకుంటే అది ఇంకా నొక్కుకుపోతుంది. పిల్లల్లో హ్యాండిల్ చివర పొట్టలో గుచ్చుకుంటే పైన రూపాయి బిళ్లంత కమిలిన మచ్చే కనిపిస్తుంది. లోపల క్లోమం, చిన్నపేగు వెన్నెముకకు అదిమి నలుగుతాయి. వాంతులు, నొప్పి ఒకటి రెండు రోజుల తరువాత మొదలవుతాయి. ఏ సైకిల్ హ్యాండిల్ గుచ్చుకున్నా ఇదే ప్రమాదం, పాపకు ఎప్పుడైనా అలా తగిలితే మచ్చ చిన్నది కదా అనుకోకండి. స్కూలు వాళ్లకు "మా పాపను ఏటీవీ ఎక్కించవద్దు" అని చేత్తో రాసి, సంతకం పెట్టి, క్లాస్ టీచర్‌కు ఇవ్వండి. మిగతా తల్లులకు కూడా చెబితే ఆ ఒక్క ఆట అందరికీ మానేస్తారు, అప్పుడు మీ పాపకు తనొక్కతే మిగిలిపోయిందన్న ఏడుపు ఉండదు. పిల్లలకు సముద్రం చాలు.

చివరగా, మీరు ఒక్క వాక్యంలో దాటేసిన విషయం ఒకటుంది. మేనల్లుడి మణికట్టు వాచిందన్నారు. పడేటప్పుడు చెయ్యి నేలకు ఆనించినవాళ్లలో బొటనవేలి మొదట్లో స్కాఫాయిడ్ అనే జీడిగింజంత ఎముక విరుగుతుంది. మొదటి రోజు ఎక్స్‌రేలో అది తరచూ కనిపించదు. బెణుకు అనుకుని క్రేప్ బ్యాండేజ్ చుట్టేసి ఊరుకుంటారు. ఆ ఎముకకు రక్తం ఒక కొసనుంచే అందుతుంది, అందుకని నెల దాటితే అతుక్కోకుండా పోయే ప్రమాదం పెరుగుతుంది, ఏళ్ల తరువాత మణికట్టు అరిగిపోతుంది. బొటనవేలు ఎత్తి పట్టుకున్నప్పుడు దాని వెనక ఏర్పడే గుంటలో వేలితో నొక్కమనండి. నొప్పి ఉంటే ఎముక డాక్టరు దగ్గరికి వెళ్లి స్కాఫాయిడ్ కోసమని చెప్పి మళ్లీ ఎక్స్‌రే తీయించాలి. అందులోనూ తేలకపోతే ఎంఆర్ఐ. ఇప్పటికే మూడు వారాలైంది కాబట్టి ఈ వారంలోనే వెళ్లమని, మీవారి చేతే ఫోన్ చేయించి చెప్పించండి.